పాత లెన్స్, పసరిక పిట్ట, మా మామూ

పసరిక పిట్ట ఫొటో చూసిన దోస్తులందరిదీ ఒక్కటే సవాల్: "ఏ లెన్స్ భాయ్?" ఫొటో వివరాలు తెరిచి చూస్తే కెమెరా పేరుంటది, షట్టర్ స్పీడుంటది. లెన్స్ పేరుండే జాగాల మాత్రం ఖాళీ గీతలు. కెమెరాకు ఆ లెన్స్ ఎవరో తెల్వదు మరి. ఇద్దరి పుట్టుకల మధ్య ముప్పై ఏండ్లకు దగ్గర ఫాస్లా ఉంది. ఒక్కొక్కరికి జవాబ్ చెప్పుడు ముష్కిల్ అయితున్నది కాబట్టి పూరా కిస్సా ఇక్కడ రాస్తున్న. జర లంబా ఉంటది, మాఫ్ చేయాలె.

నా కెమెరా సోనీ ఎ6500. 2016 మోడల్. సెకండ్ హ్యాండ్ల 45 వేలకు కొన్న. పిట్టల ఫొటోల కోసం దానికి సోనీ వాళ్లదే 200-600 జూమ్ ఉంది, ధర లక్షన్నర పైనే. లెక్కల ట్యూషన్లు చెప్పుకునే నా హైసియత్‌కు ఆ లెన్స్ ఖ్వాబ్‌లకు వచ్చినా వెనకాలనే కిస్తీలు కూడా వస్తయి. అట్లని పరిందాల షౌఖ్ ఆగుతదా? కోఠీల ఒక పాత కెమెరాల దుకాణంల, ధూళి పట్టిన అల్మారీ కింది అరల దొరికింది ఇది: నికాన్ 300 మి.మీ., ఎఫ్ 4.5. తొమ్మిది వేలు. ఆటోఫోకస్ లేదు, మోటార్ లేదు, చిప్ లేదు, బిజిలీతో దానికి తాల్లుకే లేదు. లోహం, గాజు, గంతే. చేతిల పట్టుకుంటే కిలో దాటిన బరువు.

పాత లెన్స్ కొనే వాళ్లకు ఒక్క మాట. దుకాణందారు ఎంత మంచోడైనా సరే, మొబైల్ టార్చ్ వెలిగించి లెన్స్ వెనక నుంచి లోపలికి కొట్టి, ముందు నుంచి చూడుర్రి. మన దగ్గర బారిష్ మౌసంల బంద్ అల్మారీలల్ల పడి ఉన్న లెన్సులకు బూజు పడతది. సాలెగూడు దారాల లెక్క గాజు మీద పాకుతది. నాలుగు ధూళి కణాలుంటే ఫికర్ లేదు, ఫొటోల కనపడవు. దారాలు కనిపిస్తే మాత్రం సలాం చెప్పి బయటికి రావాలె.

ఇగ అసలు సంగతి. నికాన్ లెన్స్ సోనీ కెమెరాకు ఎట్ల పడతది? ఫిల్మ్ జమానా ఎస్‌ఎల్‌ఆర్‌లల్ల, తర్వాత వచ్చిన డీఎస్‌ఎల్‌ఆర్‌లల్ల లోపట ఒక అద్దం ఉంటది. లెన్స్ నుంచి వచ్చే రోష్నీని పైకి, మన కంటికి పంపేది అదే. అది లేచి పడడానికి జాగా కావాలె. గందుకే లెన్స్ కూర్చునే అంచు నుంచి ఫిల్మ్ దాకా నికాన్ వాళ్లు 46.5 మి.మీ. ఫాస్లా పెట్టిన్రు. 1959ల పెట్టిన లెక్క అది. మిర్రర్‌లెస్ కెమెరాల ఆ అద్దమే లేదు కాబట్టి సోనీల ఆ ఫాస్లా 18 మి.మీ. మాత్రమే. 46.5ల నుంచి 18 తీసేస్తే 28.5. ఆ 28.5 మి.మీ. పొడుగున్న ఖాళీ గొట్టం ఒకటి మధ్యల పెడితే చాలు, లెన్స్ తన పాత ఇంట్ల ఉన్నట్టే పనిచేస్తది. ఆ గొట్టమే అడాప్టర్. అందుల గాజు లేదు, గాలే. దీనికి ఉల్టా మాత్రం నడవదు. సోనీ లెన్స్‌ను పాత నికాన్‌కు పెట్టలేం, ఎందుకంటే తక్కువున్న ఫాస్లాను పెంచొచ్చు గానీ ఎక్కువున్న దాన్ని తగ్గించుడు ఎవరి తరం కాదు. కానన్ పాత ఎఫ్‌డీ లెన్సులది 42 మి.మీ. డీఎస్‌ఎల్‌ఆర్‌ల కాలంల అవి సందూక్‌లల్ల పడి మూలుగుతుండె. మిర్రర్‌లెస్ వచ్చినంక వాటిల మల్ల జాన్ వచ్చింది.

ఇంకో ఫాయిదా కూడా ఉంది. నా కెమెరా సెన్సర్ ఫిల్మ్ కంటే చిన్నది. గందుకని 300 లెన్స్‌తో చూస్తే, ఫిల్మ్ కెమెరా మీద 450 లెన్స్ పెట్టినంత దగ్గరగా కనిపిస్తది. పిట్టల వాళ్లకు ఇది ముఫ్త్‌ల వచ్చిన బరకత్.

అడాప్టర్ ఆన్‌లైన్‌ల తెప్పించిన, పన్నెండు వందలు. తొడిగి చూస్తే లెన్స్ ఊగుతున్నది. కండ్లకు కనపడేంత కాదు. రింగ్ తిప్పినప్పుడు లెన్స్ కూడా దానితోని ఒక వెంట్రుకవాసి తిరిగి ఆగుతున్నది. కెమెరాల పెద్దగ చేసి చూస్తే పిట్ట ఫ్రేములకెల్లి ఎగిరి దుంకుతున్నది. వాపస్ చేద్దామనుకున్న. గానీ ఇంట్ల మామూ ఉన్నడు.

మామూ అంటే అమ్మీ చిన్న తమ్ముడు. మహబూబ్ చౌక్ దగ్గర గల్లీల నలభై ఏండ్లు గడియారాలు బాగు చేసిండు. ఆ చౌక్ సంగతి హైదరాబాదోళ్లకు తెలుసు. ఒక దిక్కు గడియారం మీనార్, ఇంకో దిక్కు కోళ్ల, పిట్టల పంజరాలు. మామూ దుకాణం అంటే గోడకు ఆనించిన ఒక బల్ల, ఒక గాజు డబ్బా, ఒక స్టూల్. కంటికి భూతద్దం పెట్టుకుని రోజంతా తల వంచుకుని కూర్చునేటోడు. ముందట పంజరాలల్ల అరిచే పరిందాలను తలెత్తకుండనే గుర్తు పట్టేటోడు. మునియా వచ్చింది, తీతర్ వచ్చింది, ఇది కొత్తగ పట్టుకొచ్చింది, గొంతుల ఖౌఫ్ ఉంది అని. మన అడవి పిట్టలను పట్టుడు, అమ్ముడు 1972 చట్టంతోని మొదలై తర్వాత పూరా బంద్ అయింది. కాయిదా మీద అయితే బంద్, పంజరాలు ఖాళీ అయినయా అంటే నేను జవాబ్ చెప్పను.

నాలుగేండ్ల కింద మామూ చేతులకు రాషా వచ్చింది. కుడి చేయి ముందు. డాక్టర్ మందులిచ్చిండు, జర తగ్గింది, పూరా పోలేదు. గడియారంల బాలెన్స్ వీల్‌ను పట్కారుతోని ఎత్తే చేయి అది. చాయ్ కప్పు సాసర్ మీద పెడితే చప్పుడయితది. ఒక రోజు గిరాకీ ముందరనే చేతిల నుంచి స్ప్రింగ్ ఎగిరిపోయింది, దొరకలేదు. మర్నాటి నుంచి దుకాణం తెరవలేదు. ఎవరూ ఏం అడగలేదు, ఆయనా ఏం చెప్పలేదు. సామాన్ల పెట్టె తెచ్చి మంచం కింద పెట్టుకున్నడు.

అడాప్టర్‌ను మామూ ముందు పెట్టిన. భూతద్దం తీసిండు. పెట్టెల నుంచి కాలిపర్ తీసి నాకిచ్చి కొలువుమన్నడు. 28.6. అంటే 0.1 మి.మీ. ఎక్కువ. నేను కాగితం మీద లెక్క వేసిన. 24 మి.మీ. వైడ్ లెన్స్‌కు అయితే ఇది ఆఫత్. దాదాపు 6 మీటర్ల అవతల ఫోకసే పోదు. అదే 300 మి.మీ. లెన్స్‌కు ఆ హద్దు 900 మీటర్లు. 900 మీటర్ల దూరంల ఉన్న పిట్టను ఎవడు తీస్తడు? నా లెక్క వినకముందే మామూ తేల్చేసిండు: "నాప్ మే కుఛ్ నై మియా, జోడ్ ఢీలా హై." కొలతల ఏం లేదు, అతుకే వదులు.

అడాప్టర్ మూతికి లోపలి దిక్కు మూడు పలుచని స్ప్రింగ్ పట్టీలుంటయి. లెన్స్‌ను గట్టిగ పట్టుకునేవి అవే. నేను పేచ్‌కస్ పట్టుకున్న, మామూ చెప్పిండు. ఎంత లేపాలె, ఎక్కడ ఆపాలె. "జర్రా. ఔర్ జర్రా. బస్." మూడు సార్లు తొడిగి తీసినం. మూడోసారి లెన్స్ కూర్చున్న చప్పుడు వేరే ఉండె, టక్ మని. మామూ మొఖం మీద ఆ చప్పుడు కనిపించింది. తర్వాత గొట్టం లోపలికి చూసి, నున్నగ మెరుస్తున్నది, రోష్నీ ఇటు అటు కొట్టుకుంటది అన్నడు. వాచీల డబ్బాలల్ల పరిచే నల్ల మఖ్మల్ ముక్క కత్తిరించి లోపట చుట్టూ అంటించినం. పన్నెండు వందల గొట్టం. తస్వీర్‌లల్ల తెల్లగ పొగ కమ్మినట్టు ఉండేది సగం పోయింది. కొత్తగ కొనేటోళ్లు ఈ రెండే చూసుకోవాలె: ఊగుతున్నదా, లోపట మెరుస్తున్నదా.

కెమెరాకు కూడా కొన్ని సంగతులు చెప్పాలె. లెన్స్ లేదనుకుని అది షట్టర్ కొట్టదు. మెనూల "రిలీజ్ వితౌట్ లెన్స్" చాలూ చేయాలె. సెన్సర్‌ను కదిలించి వణుకు తగ్గించే స్టెడీషాట్‌కు లెన్స్ ఎంతదో తెల్వదు. చేతితోని 300 అని పెట్టాలె. లెన్స్ మారితే మల్ల మార్చాలె. అది మన చేతుల వణుకుకే ఇలాజ్, పిట్ట కదలికకు కాదు. దానికి సెకండుల వెయ్యో వంతు షట్టర్ తప్ప వేరే దవా లేదు.

ఫోకస్ ఎట్ల అని అడుగుతరు. ఫోకస్ పీకింగ్ అని ఒకటుంది, సాఫ్‌గా ఉన్న అంచుల మీద ఎర్ర రంగు పూస్తది. దగ్గరి వస్తువులకు, వైడ్ లెన్సులకు బాగుంటది. 300తోని మాత్రం దాన్ని యకీన్ చేయొద్దు. రెక్క మీద కూడా ఎరుపే, కన్ను మీద కూడా ఎరుపే. నేను ఒక బటన్‌కు మాగ్నిఫయర్ పెట్టుకున్న. నొక్కితే తస్వీర్ దాదాపు ఆరింతలయితది, మల్ల నొక్కితే పన్నెండింతలు. పిట్ట కన్నుల మెరుపు చుక్క కనపడేదాకా రింగ్ తిప్పుడు. పాత డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌ల ఈ సౌలత్ లేకుండె. పాత లెన్సులకు మిర్రర్‌లెస్ చేసిన అసలు ఎహసాన్ అడాప్టర్ కంటే ఇదే అని నా ఖయాల్.

బారీక్ పని ఎందుకంటే, 5 మీటర్ల దూరంల ఎఫ్ 4.5 దగ్గర ఈ లెన్స్‌కు సాఫ్‌గా వచ్చే లోతు, నా లెక్కల, 5 సెంటీమీటర్లు. ఎఫ్ 8 దాకా మూస్తే 9. పసరిక పిట్ట ముక్కు నుంచి తోక దాకా జానెడు దగ్గర ఉంటది. పక్కకు తిరిగి కూర్చుంటే పూరా వస్తది, మన దిక్కు మొఖం పెడితే కన్నొస్తది, తోక పోతది.

పిట్ట వచ్చినంక ఇదంతా చేయాలంటే అయ్యే పని కాదు. ఇక్కడనే ఈ లెన్స్ తరీఖా వేరే. పసరిక పిట్టకు ఒక ఆదత్ ఉంది. ఒక ఎండు కొమ్మను తన మకాం చేసుకుంటది. అక్కడ నుంచి లేచి గాలిల తేనెటీగనో తూనీగనో పట్టుకుని మల్ల అదే కొమ్మకొస్తది. ఈగను కొమ్మకేసి కొట్టి కొట్టి, ముల్లు పోగొట్టి మింగుతది. అది ఎగిరిపోయినప్పుడు నేను కొమ్మ మీద ఫోకస్ పెడుత. కొమ్మ ఎక్కడికీ పోదు. తీరువాటంగ పన్నెండింతలు చేసి, బెరడు మీది గీతలు కనపడేదాకా రింగ్ తిప్పి, ఎఫ్ 8 పెట్టి, చేయి తీసేస్త. ఇగ అది వచ్చేదాకా ఇంతజార్. వచ్చినప్పుడు బటన్ నొక్కుడే. అంటే పని మొత్తం పరిందా రాకముందే అయిపోతది. ఏట్రింతకూ ఇదే ఆదత్, అదీ కరెంటు తీగ మీది జాగాను విడిచిపెట్టదు. లకుముకి పిట్ట కూడా నీళ్ల మీద వంగిన ఒక కొమ్మను పట్టుకుంటది. నలుపు తెలుపు లకుముకి అయితే ఇంకా మెహర్బాన్. చేప మీదికి దుంకే ముందు గాలిల ఒక్క చోట నిలబడి రెక్కలాడిస్తది, ఫోకస్ సర్దుకునేంత మోహలత్ ఇస్తది.

అబాబీల్‌లు నా వల్ల కాలేదు, కావు కూడా. నా దోస్త్ ఒకతని దగ్గర కొత్త కెమెరా, పెద్ద జూమ్. పిట్ట కన్నును అదే వెతికి పట్టుకుంటది. చెరువు మీద తిరిగే అబాబీల్‌లను ఒక పొద్దుల్నే ఇరవై సాఫ్ తస్వీర్‌లు తీసిండు. నాకు ఖాళీ ఆస్మాన్ వచ్చింది. పాత లెన్స్‌ల రూహ్ ఉంటది, మషీన్‌ల ఉండదు అని కొందరు రాస్తుంటరు. నాకైతే అట్ల అనిపించలేదు. ఎగిరే పరిందా కావాలంటే పైసలు జమ చేసుకుని ఆటోఫోకస్ కొనుడే మేలు. ఇంకో ఐబ్ కూడా చెప్తున్న. ఎండల తెల్ల కొంగను తీస్తే రెక్కల అంచులకు ఊదా రంగు అంటుతది. పాత గాజుకు అది సహజం. ఎఫ్ 8 పెడితే తగ్గుతది, పోదు. చప్పుడు లేదు కదా అని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే, నా కెమెరా సెన్సర్ తస్వీర్‌ను పై నుంచి కిందికి మెల్లగ చదువుతది కాబట్టి రెక్క ఆడించే పిట్టకు రెక్క వంకర పోతది.

ఇంట్ల ఇంతకు ముందే డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులున్న వాళ్ల మామ్‌లా వేరే. వాళ్లకు బిజిలీ నడిచే అడాప్టర్లున్నయి, ఆటోఫోకస్ పోదు. కానన్ 400 మి.మీ. ఎఫ్ 5.6 అని పిట్టల వాళ్లకు మస్తు ఇష్టమైన లెన్స్ ఉండె. వణుకు ఆపే సౌలత్ అందుల లేదు. సెన్సర్ స్థిరంగ ఉండే మిర్రర్‌లెస్ మీద పెడితే ఆ కొరత తీరుతది. నికాన్ వాళ్లు ఎఫ్‌టీజెడ్ కొనే ముందు తమ లెన్స్ లోపట మోటార్ ఉందో లేదో చూసుకోవాలె. ఉంటే ఆటోఫోకస్ నడుస్తది. కెమెరా బాడీల మోటార్ మీద బతికే పాత ఏఎఫ్-డీ లెన్సులకు అందుల నడవదు, చేతితోనే తిప్పాలె. 500 మి.మీ. అద్దాల లెన్సులు సస్తాగ దొరుకుతయి, తేలికగ ఉంటయి. వెనక ఆకుల మీద ఎండ పడితే తస్వీర్ నిండా గారెల లెక్క గుండ్రాలు వస్తయి. నాకు నచ్చదు, మీ మర్జీ.

మామూ సంగతికొస్త. అడాప్టర్ బాగైనంక ఒక ఇత్వార్ "నేనూ వస్త" అన్నడు. హిమాయత్ సాగర్ అంచుకు పోయినం. 1927ల తయారైన చెరువు. సాలిం అలీ సాబ్ 1931-32ల నిజాం రియాసత్ మొత్తం తిరిగి పరిందాల సర్వే చేసిన్రు. ఆ కాలం తరీఖా ప్రకారం తుపాకీతోనే నమూనాలు జమ చేసేది. ఇది చెప్తే మామూ, "మా గల్లీల పంజరాలు, ఆ సాబ్‌కు బందూఖ్, నీకు ఇది" అని లెన్స్ దిక్కు చూపించి నవ్విండు.

దూర్బీన్ ఇస్తే మామూ చేతుల అది నిలవలేదు. రాషాకు ఎనిమిదింతల దూర్బీన్ అంటే వణుకు కూడా ఎనిమిదింతలే. రెండు నిమిషాలకు వాపస్ ఇచ్చేసి దూరంగ పోయి కూర్చున్నడు. నేను రాయి మీద ఇసుక సంచి వేసి, దాని మీద లెన్స్ పండబెట్టి, వెనక తెరను ఆయన దిక్కు తిప్పిన. బరువంతా సంచిల కూరుకుంది. తుమ్మ కొమ్మ కనిపిస్తున్నది. మామూ వచ్చి కూర్చుని, మణికట్టును సంచికి ఆనించి, రెండు వేళ్లు రింగ్ మీద పెట్టిండు. నేను ఊపిరి బిగబట్టిన. వేళ్లు వణుకుతున్నయి, రింగ్ వణుకుతలేదు. లోపట గ్రీస్ మందంగ ఉంది, రింగ్ తిరిగే దూరం కూడా ఎక్కువ. బారీక్ వణుకు ఆ గ్రీస్‌లనే మునిగిపోతున్నది, మెల్లగ తిప్పే ఇరాదా మాత్రమే గాజు దాకా పోతున్నది. ఆటోఫోకస్ లెన్సుల రింగ్‌లు తేలికగ, ఇంత తాకితే అంత పోతయి. వాటితోని ఇది అయ్యేది కాదు.

పన్నెండింతల దగ్గర తెర ఊగింది. ఆరింతలకు తగ్గిస్తే కుదిరింది. బెరడు గీతలు ముందుకు పోయినయి, వెనక్కు వచ్చినయి, మల్ల ముందుకు, ఈసారి కొంచెమే. గడియారం సూదిని మిలాయించే తీరు. ఆగిండు. "బస్," అన్నడు. చేయి తీసేసిండు. నేను వైర్ రిమోట్ చేతిల పెట్టిన. అది కెమెరాను తాకదు, చేయి ఎంత వణికినా ఫర్ఖ్ లేదు.

పసరిక పిట్ట ఎగిరిపోయి ఉండె. మామూ కొమ్మ దిక్కు చూస్తలేడు. తల వంచుకుని చెవులు ఆనించి వింటున్నడు. "ఆ రహీ," అని మెల్లగ అన్నడు. నాకేం వినిపించలేదు. ఒక్క క్షణానికి అది కొమ్మ మీద ఉంది, ముక్కుల తేనెటీగ. మామూ రిమోట్ నొక్కిండు. నొక్కుతనే ఉన్నడు. పద్నాలుగు తస్వీర్‌లు. అందుల తొమ్మిది సాఫ్. దోస్తులు అడుగుతున్న ఫొటో ఆ తొమ్మిదిల ఆరోది. కింద నా పేరు లేదు, సరిగ్గ చూడుర్రి.

దుకాణం మల్ల తెరుస్త అని మామూ అనలేదు, నేనూ అడగలేదు. సామాన్ల పెట్టె ఇంకా మంచం కిందనే ఉంది. కాకుంటే అందులకెల్లి ఒక పాత వాచీ తీసి చాబీ ఇచ్చి జేబుల పెట్టుకుంటున్నడు. పిట్ట కొమ్మ విడిచినప్పుడు చూస్తడు, వాపస్ వచ్చినప్పుడు చూస్తడు, ఎన్ని సెకండ్లో నా నోట్‌బుక్‌ల రాయిస్తడు. పొద్దుగాల జల్ది వస్తదట, ఎండెక్కితే దేర్ చేస్తదట.

ఇప్పుడు ఆయనకు హుద్‌హుద్ కావాలె. 2014ల విశాఖను పట్టి ఊపిన తుఫానుకు పెట్టిన పేరు ఈ పిట్టదే. తల మీద తాజ్, ఒంటి మీద చారలు. కష్టమేందంటే అది కొమ్మ మీద కూర్చుని ఇంతజార్ చేసే రకం కాదు. గడ్డిల నడుచుకుంటూ, లంబా ముక్కుతోని మట్టి పొడుచుకుంటూ పోతనే ఉంటది. ఫోకస్ ముందే పెట్టుదామంటే ఎక్కడ పెట్టాలె? మామూ మూడు రోజుల నుంచి దీని మీదనే ఉన్నడు. అది రోజూ ఒకే దారిల వస్తదట, చెరువు కట్ట కింద తడి మట్టి దగ్గర ఆగి తీరుతదట. లెన్స్ 3.5 మీటర్ల కంటే దగ్గర ఫోకస్ కాదు కాబట్టి, అక్కడ నుంచి నాలుగు మీటర్ల దూరంల, తుమ్మ చెట్టు నీడల ఇసుక సంచి పెట్టాలట. వచ్చే ఇత్వార్ ఫజర్ తర్వాత బయలుదేరుతున్నం. సంచిల ఇసుక తక్కువైంది, ఇంకో రెండు కిలోలు పోయమన్నడు.